నరహరికి ఇలాజు

12 జూన్ 1967, సోమవారం

కొత్త ఫైలు. మూర్తి గారు దాన్ని నా బల్ల మీద బోర్లా పెట్టారు.

మా ఆఫీసుకు పెద్ద ఆయనే. పెద్ద అంటే నాకూ, ఇద్దరు గుమాస్తాలకూ, నాంపల్లి స్టేషను పక్కనున్న రెండు గదులకూ పెద్ద. గుంటూరు నుంచి వచ్చి పదేళ్లయినా రైలు కూత పెడితే ఇంకా ఉలిక్కిపడతారు.

"ఇది... మీరు చూస్తేనే బాగుంటుందమ్మా. ఆడవారు గదా. తల్లిలాగా నాలుగు మాటలు..." అంటూ కిటికీ వైపు చూశారు.

తిప్పి చదివాను. నరహరి. వయసు పంతొమ్మిది. ఆబిడ్స్‌లో మేనమామ బట్టల దుకాణంలో పని. కోఠి దగ్గర బస్సులో ఒక కాలేజీ అమ్మాయి మీద చెయ్యి వేశాడు. ఆ అమ్మాయి గొడుగుతో కొట్టి, కాలరు పట్టుకుని, బస్సు ఆపించి పోలీసుకు అప్పగించింది. కోర్టు ఏడాది ప్రొబేషన్ మీద వదిలింది. ప్రతి శుక్రవారం నాలుగింటికి నా ముందు హాజరు. మళ్లీ చేస్తే మూడు నెలలు జైలు.

ఐదేళ్ల నుంచి ప్రొబేషన్ ఆఫీసరుగా చేస్తున్నాను. సైకిలు దొంగలు, జేబుదొంగలు... వాళ్లకేం చెప్పాలో తెలుసు. వీడికేం చెప్పాలి?

పెళ్లి లేదు, పిల్లలు లేరు. తల్లిలాగా ఎట్లా చెప్తానో మూర్తి గారికే తెలియాలి.

13 జూన్

ఇంట్లో చెప్పకూడదనుకున్నాను. ఇల్లంటే నేనూ, చిన్నమ్మా. అన్నం వడ్డిస్తూనే నా ముఖం చూసి కొత్త కేసని పట్టేసింది.

"ఏం జేసిండే పోరడు?"

చెప్పాను.

"థూ! గసొంటోని ఫైలు ముట్టిన చేతుల్తోని నాకు పప్పు అందియ్యకు." రెండు ముద్దలయ్యాక – "ఏ బస్సు?" మూడో ముద్దకు – "గా పిల్ల యాడ కూసున్నదట?"

చెయ్యి కడుక్కొచ్చి, కొంగు దగ్గర దోపుకున్న పిన్నీసు తీసి చూపింది. "నా ఇలాజు గిది, గసొంటోళ్లకు మందు. బస్సెక్కంగనే తెరిచి పట్కుంట. ఇరవై ఏండ్ల సంది."

ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఎన్నడూ చెప్పలేదు.

నా సంచిలోని పిన్నీసు సంగతి నేనూ చెప్పలేదు మరి.

16 జూన్, శుక్రవారం

వచ్చాడు. సరిగ్గా నాలుగింటికి. రౌడీని ఊహించుకుని కూర్చున్నాను... తలకు నూనె, నుదుట బొట్టు, ఇస్త్రీ చొక్కా. పెళ్లిచూపులకు వచ్చినట్టున్నాడు.

"ఏం జేసినవ్?"

"నేనేం జెయ్యలె మేడం. బస్సు కుదిపింది. చెయ్యి తగిలింది."

"బస్సు ఆగి ఉన్నదని కండక్టర్ చెప్పిండు గద?"

కాసేపు ఆలోచించాడు. "ఆగేటప్పుడు కుదిపింది మేడం."

19 జూన్

నరహరి ఇంటికి వెళ్లాను. గౌలిగూడ వెనక గల్లీ, చీకటి వాకిలి, శుభ్రమైన ఇల్లు. తండ్రి లేడు. తల్లి రాజమ్మ. పీట వేసింది, చాయ్ ఇచ్చింది, ఆ తర్వాత మొదలుపెట్టింది.

"మావోడు దేవునసొంటోడు మేడం. గా పిల్లనే గొడుగు ఎందుకు తెచ్చినట్టు? ఆ దినం వాననే లేకపాయె!"

దుకాణం మేనమామ కూడా వచ్చాడు. భారీ మనిషి, కూర్చుంటే మంచం మూలిగింది. "మీరేం ఫికర్ జెయ్యకుండ్రి. పెండ్లి జేస్తే చక్కగయితడు. పిల్లను గూడ చూసినం."

"ఆ పిల్ల ఏం తప్పు జేసిందని?" అన్నాను.

"అయ్యో, తప్పేం లేదు మేడం. మస్తు మంచి పిల్ల. పదోది పాసయింది."

ఇంటికి పెద్దకొడుకు కాబట్టి జ్యేష్ఠంలో చెయ్యరట. ఆషాఢంలో ఎట్లాగూ ముహూర్తాలు లేవు. అంటే శ్రావణం దాకా టైముంది. సర్కారు ఇవ్వని గడువు పంచాంగం ఇచ్చింది.

23 జూన్, శుక్రవారం

"చెయ్యి తగిలింది మేడం."

30 జూన్, శుక్రవారం

"తగిలింది మేడం."

3 జులై

మూర్తి గారు ఎక్కడి నుంచో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెప్పించారు. ఇట్లాంటి కుర్రాళ్లకు పై దేశాల్లో ఏ చికిత్స చేస్తారో అందులో ఉందట. రెండు పేజీలు చదివి మూసేశారు, చెవులు ఎర్రబడ్డాయి.

"శాస్త్రీయంగా వెళ్దామమ్మా. ఇది నేరం కాదు, రోగం. మన ఆఫీసులో ఇదే మొట్టమొదటి చికిత్స కేసు. పైవాళ్లకు రాస్తాను."

"ఏ చికిత్స సార్?"

"అదే... డాక్టరు చెప్తారు కదా."

5 జులై

దవాఖానలో మూడు గంటలు బెంచీ మీద – నేను, నరహరి, వాళ్లమ్మ. డాక్టరు తల ఎత్తకుండా రాశాడు. ఉల్లి బంద్. వెల్లుల్లి బంద్. తెల్లవారుజామున చన్నీళ్లు. రోజుకు వంద గుంజీలు. ఒక సీసా గులాబీరంగు మందు, పూటకు రెండు చెంచాలు.

నరహరి మెల్లగా అడిగాడు. "ఎల్లిపాయ కారం గూడ తినొద్దా సార్?"

"తినకూడదు."

ఈ కేసు మొదలయ్యాక వాడి కళ్లలో నీళ్లు చూడడం ఇదే మొదటిసారి.

14 జులై, శుక్రవారం

మేనమామ కూడా వెంట వచ్చాడు, కోపంగా. మందు తాగి వీడు తాన్ల మధ్య పడి నిద్రపోతున్నాడట. ఒకామె చీర అనుకుని వీడి పంచె కొస లాగిందట.

మూర్తి గారు ఆనందంగా రాసుకున్నారు – 'ప్రశాంతత కనిపిస్తున్నది.'

మందు ఆపించాను. గుంజీలు, చన్నీళ్లు ఉండనిచ్చాను, నష్టమేం లేదని. నరహరి భుజాలు తేరుతున్నాయి. చికిత్స చేసి బలం పెంచుతున్నామా ఏమిటి?

21 జులై, శుక్రవారం

నాన్న తెలుగు పంతులు. ఈరోజు ఆయనే నన్ను ఆదుకున్నాడు.

కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి వాడి ముందు పెట్టాను: చెయ్యి తగిలింది.

"బడికి పోయినవ్ గద. దీంట్ల కర్త ఎవ్వరు?"

"చెయ్యి మేడం."

"ఎవ్వరి చెయ్యి?"

బయట రైలు వచ్చింది, పోయింది.

"...నాదే గని."

"నువ్వు చెప్పకుండనే పోయిందా అది?"

"గట్లనే అనిపిచ్చింది మేడం."

కర్త స్థానంలో తనను పెట్టి అదే వాక్యం రాసుకు రమ్మని పంపాను. కర్త, కర్మ, క్రియ. అంతకన్నా ఏ చికిత్సా నాకు రాదు.

28 జులై, శుక్రవారం

రాసుకొచ్చాడు. గుండ్రటి అక్షరాలు. 'నా చేత చెయ్యి వేయబడినది.'

నాన్నా! పంతొమ్మిదేళ్ల వెధవకు కర్మణి ప్రయోగం ఎవరు నేర్పారు?

4 ఆగస్టు

మా ఫారంలో ముప్పై గడులున్నాయి. వాడి కులం, చదువు, తిండి, నిద్ర, స్నేహితులు, దేవుడి మీద నమ్మకం. ఆ అమ్మాయికి ఒక్క గడీ లేదు. పేరు కూడా పోలీసు కాగితం నుంచి తెలిసింది – శారద. బి.ఏ. ఆఖరి సంవత్సరం. మా ఆఫీసుకు పది నిమిషాల నడక.

మూర్తి గారినడిగితే "ఆ అమ్మాయి మన పరిధిలోకి రాదమ్మా" అన్నారు.

భోజనాల వేళ పరిధి దాటి వెళ్లాను.

తండ్రి సెక్రటేరియట్ గుమాస్తా, బందరు మనిషి. తలుపు సగమే తీశాడు. "ఆ విషయం మేం మర్చిపోయామండీ."

లోపలి నుంచి శారద వచ్చి మిగతా సగం తీసింది. ఇరవై ఏళ్లుంటాయి. సన్నగా, గట్టిగా ఉంది.

"నేను మర్చిపోలేదండీ. రండి."

కాలేజీకి వారానికి రెండు రోజులే వెళ్తోందట, తండ్రి వెంట వెళ్లగలిగిన రోజుల్లో. బస్సు వద్దన్నారు. పరువు.

"అతను రోజూ బస్సెక్కుతున్నాడా?"

"ఔ."

"నేను ఎక్కడం లేదు." మామూలు గొంతుతో, ఏదో టైము అడిగినట్టు – "నాకు ప్రొబేషన్ ఎన్నాళ్లండీ?"

చాయ్ తాగకుండానే వచ్చేశాను. తాగలేకపోయాను.

5 ఆగస్టు

రోజంతా ఆ మాటే.

8 ఆగస్టు

మూర్తి గారికి చెప్పాను, వాణ్ని బస్సు ఎక్కొద్దనాలి.

"రూల్లో లేదమ్మా."

"ఉల్లిగడ్డ రూల్ల ఉన్నదా సార్?"

కళ్లజోడు తుడుచుకున్నారు.

10 ఆగస్టు

సరాసరి మేజిస్ట్రేటు గారి దగ్గరికే వెళ్లాను. పెద్దాయన. నస్యం పీల్చి, తుమ్మి, విన్నారు. ఆ అమ్మాయి అన్న మాట కూడా చెప్పాను. రెండోసారి తుమ్మలేదు.

"ఇన్నాళ్లూ ఇది నాకు తోచలేదేం?" అని షరతుల కింద తనే రాశారు: ఏడాది పాటు బస్సు ఎక్కరాదు.

నరహరి పాత సైకిలొకటి సంపాదించాడు.

11 ఆగస్టు, శుక్రవారం

మేనమామ శ్రావణ ముహూర్తం తీసుకొచ్చాడు. నేను చాలా గంభీరంగా చెప్పాను –

"చెయ్యుండ్రి. గని పెండ్లయితే ఆమె పేరు గూడ ఫైల్ల ఎక్కుతది. నెలకోపారి నేను ఇంటికొచ్చి ఆమెను అడుగుత. వాళ్ల నాయినకు గూడ చిట్టీ రాస్త."

అట్లాంటి రూలు ఎక్కడా లేదు. మేనమామ లేచాడు. జాతకాల్లో ఏదో తేడా ఉందని నిన్ననే అనుమానం వచ్చిందన్నాడు.

పదోది పాసయిన ఆ పిల్లకు నేనెవరో ఎప్పటికీ తెలియదు. మంచిదే.

18 ఆగస్టు, శుక్రవారం

"చెప్పు."

"నేను బస్సుల ఒక పిల్ల మీద చెయ్యి ఏసిన."

నా చేతిలో కలం ఆగిపోయింది. పది వారాలు.

"గని మేడం –"

"గని లేదు. ఆడ్నే చుక్క పెట్టు."

పెట్టాడు. నిజంగానే కాగితం మీద వేలితో. చెమటలు పట్టేశాయి పిల్లాడికి. పిల్లాడు అని రాశాను. కొట్టేయాలా?... ఉండనీ.

25 ఆగస్టు

చిన్నమ్మ పోరు. "జర నేను గూడ చూస్తనే. కోతి లెక్క ఉంటడా, మనిషి లెక్క ఉంటడా?" గుర్తు పడతాడని నేను ఎదురు అరుగు మీదే నిలబడ్డాను. ఆమె దుకాణంలోకి వెళ్లింది.

వాడి పని అప్పుడే మొదటిసారి చూశాను. చీర విప్పి, కొంగు తన భుజం మీదే వేసుకుని, ఒయ్యారంగా తిరిగి చూపిస్తాడు. మీసాలున్న మనిషి మీద జరీ అంచు. ఎదురుగా నలుగురు ఆడవాళ్లు. చీరనే చూస్తున్నారు, లోపలి మనిషిని కాదు. "ఇది గాదు. అది దియ్యి. గిది పాత రంగు." మధ్యలో మేనమామ అందరి ముందూ – "చేతులు పడిపోయినయారా? జల్ది!"

చిన్నమ్మ గంట తర్వాత పొట్లంతో వచ్చింది. వంకాయరంగు చీర.

"కొన్నవా?"

"మంచిగ చూపెట్టిండే. చేతులు గూడ దగ్గర వెట్టుకున్నడు." కాస్త సిగ్గుపడింది. "పిన్నీసు తెరిచే ఉంచిన, నువ్వేం రంధి వెట్టుకోకు."

1 సెప్టెంబరు, శుక్రవారం

ఎందుకు చేశావు అని మొదటిసారి అడిగాను. ఇన్నాళ్లూ ఏం చేశావు అనే అడిగాను. 

తల వంచుకుని, బల్ల అంచు గోకుతూ... "దుకాణంల ఎవ్వలు నన్ను చూడరు మేడం. దినాం వందమంది వస్తరు. గా దినం ఆమె చూసింది."

"ఎట్ల చూసింది?"

బల్ల అంచున చిన్న పెచ్చు ఊడింది.

"ఎట్ల చూసింది నరహరీ?"

"...భయంగ."

"అప్పుడు నీకేమనిపిచ్చింది?"

"పెద్దోన్ని అనిపిచ్చింది." వెంటనే – "రెండు నిమిషాలే మేడం."

రెండు నిమిషాలు! ఆమెకు మూడు నెలలైంది, ఇంకా నడుస్తోంది.

"ఎవ్వలు చూడకుంటే చెయ్యి ఎయ్యాల్నా? నన్ను ఈ ఆఫీసుల ఐదేండ్ల సంది ఎవ్వలు చూడలె. నేను మూర్తి సారు మీద పడ్డనా?"

నవ్వొచ్చింది వాడికి. నాకూ వచ్చింది. పక్కగదిలో మూర్తి గారు దగ్గారు. ఇద్దరం ఒక్కసారే ఆపేశాం.

నవ్వి తప్పు చేశానా అని ఇంటికొచ్చేదాకా ఆలోచించాను. ఇప్పుడూ తెలియడం లేదు.

12 సెప్టెంబరు

శారదకు బస్సు షరతు సంగతి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

"అతను ఎక్కలేదని ఎవరు చూస్తారండీ?"

మంచి ప్రశ్న. కండక్టర్లకు వాడి ముఖం తెలియదు. పోలీసులకు ఇది పని కాదు.

"నేను చూస్త" అన్నాను. అనేశాక, ఏం అన్నానో అర్థమైంది.

14 సెప్టెంబరు

తొమ్మిదింబావు బస్సు. శారద, నేను. ఆమె కిటికీ పక్కన, గొడుగు ఒళ్లో. తండ్రి స్టాపు దాకా వచ్చి, బస్సు కదిలినా అక్కడే నిలబడ్డాడు. ఎవరైనా పక్కనుంచి పోతే ఆమె భుజం బిగుసుకుంటోంది, నాకు తగులుతోంది.

కోఠిలో దించి, ఎదురు బస్సులో వెనక్కి నాంపల్లి. ఆఫీసుకు ఆలస్యం.

18 సెప్టెంబరు

చిన్నమ్మ కూడా బయల్దేరింది. "మీ ఇద్దరికీ ఏం చాతనైతది?" ముగ్గురం ఒకే సీటులో. చిన్నమ్మ పిన్నీసు, శారద గొడుగు, నా టిఫిను డబ్బా. నిలబడ్డ మగవాళ్లు ఎందుకో ముందుకు జరిగి జరిగి డ్రైవరు మీద పడుతున్నారు.

శారద నవ్వింది. బందరు నవ్వు, గట్టిగా. బస్సంతా తిరిగి చూసింది. ఆమె కిటికీ వైపు తిరగలేదు.

25 సెప్టెంబరు

మూర్తి గారు మహా ఉత్సాహం. పైవాళ్లకు నివేదిక పంపేశారట – 'చికిత్స ఫలించినది. యువకుడు పూర్తిగా నయమైనాడు.' ఉల్లి, వెల్లుల్లికి ఒక పేరా. వ్యాకరణం ఊసే లేదు. నాకేం బాధ లేదు. ఉంది, కొంచెం.

29 సెప్టెంబరు, శుక్రవారం

నాలుగింటికి వచ్చాడు. కూర్చోలేదు.

"మేడం, ఒకటి జెప్పాలె."

కలం కింద పెట్టాను.

"శనారం దుకాణం నుంచి పోయేటప్పుడు... సుల్తాన్ బజార్ కాడ ఒకామె నడుస్తుండె. నేను సైకిల్ మీద ఆమె ఎంట పోయిన."

"పిలిచినవా?"

"లే."

"ముట్టినవా?"

"లే మేడం. ఊకె ఎంట పోయిన."

"ఆమెకు ఎరుకయిందా?"

"అయింది."

"ఎట్ల ఎరుక నీకు?"

"జల్ది జల్ది నడిచింది."

"నువ్వేం జేసినవ్?"

చాలా మెల్లగా – "నేను గూడ జల్ది తొక్కిన."

ఆమె ఏదో ఇంట్లోకి దూరి తలుపేసుకుందట. తన ఇల్లో, ఎవరిదో. వీడు కాసేపు తలుపును చూస్తూ నిలబడి, వాపసు వచ్చేశాడు. ఆరు రోజులు కడుపులో పెట్టుకున్నాడు. ఎవరూ పట్టుకోలేదు. ఎవరికీ తెలియదు.

ఏడ్చాడు. నేను నీళ్లు ఇవ్వలేదు. కూజా పక్కనే ఉంది. ఇవ్వలేకపోయాను.

30 సెప్టెంబరు

మూర్తి గారికి చెప్పాను. కుర్చీలో అట్లాగే జారిపోయారు.

"ఎవరైనా ఫిర్యాదు ఇచ్చారా?"

"లేదు సార్. వాడే చెప్పిండు."

"మరి ఇంకేం! ఆ అమ్మాయెవరో మనకు తెలియదు. జరిగిందో లేదో తెలియదు. నయమైపోయాడని నేను రాసి వారం కాలేదమ్మా!"

ఆయన్ను తిట్టాలనిపించింది, కానీ ఆయన అన్నదాంట్లో ఒక ముక్క నన్ను పట్టుకుంది. వాడే చెప్పాడు. చెప్పినందుకు జైలుకు పంపితే మళ్లీ చెప్తాడా? జైల్లో మూడు నెలలు ఉండి ఏం నేర్చుకుని వస్తాడు? దాచి, వచ్చే నెల ఇంకో తలుపు దాకా పోతే? అప్పుడు ఎవరి ముందు తల ఎత్తుకుంటాను?

సుల్తాన్ బజార్‌లో జల్ది నడిచినామె ఎవరో. చెప్పులు తెగాయో ఏమో. ఆమె ఇప్పుడు ఏ గల్లీ నుంచి తిరిగి పోతోందో.

1 అక్టోబరు, ఆదివారం

చిన్నమ్మను అడిగాను. నవ్వుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. వంకాయరంగు చీర మడత పెట్టడం పూర్తి చేసింది.

"రాయి" అంది. "గని వానికి ముందుగాల జెప్పి రాయి. ఎనకనుంచి పొడవకు."

3 అక్టోబరు

పిలిపించి చెప్పాను. కోర్టుకు రాస్తున్నానని.

"మీకు జెప్పినందుకా మేడం?"

"చెప్పినందుకు కాదు. చేసినందుకు. చెప్పినవని గూడ రాస్త."

మధ్యాహ్నం రాజమ్మ వచ్చింది. ఆఫీసు మధ్యలో నిలబడి నా వంశాన్ని, నా పెళ్లి కాకపోవడాన్ని, నాంపల్లినీ కలిపి తిట్టింది. గుమాస్తాలు ఫైళ్లలో దూరారు. మూర్తి గారు సరిగ్గా ఆ నిమిషానికి స్టేషనుకు ఎవరినో ఎక్కించడానికి వెళ్లారు.

చివరికి ఆమె నా బల్ల ముందే కూలబడింది. "మంచిగయితడంటివి గద మేడం?"

నేననలేదు. ఎవరో అన్నారు. కానీ ఆమెకు ఆ తేడా ఎట్లా చెప్పేది? కూజాలో నీళ్లు ఇచ్చాను. తాగి, గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్లింది.

6 అక్టోబరు, శుక్రవారం

కోర్టు. మేజిస్ట్రేటు గారు నా కాగితం రెండుసార్లు చదివారు.

"ఇతన్ని పట్టుకున్నదెవరు?"

నేను నోరు తెరిచేలోపే నరహరి – "ఎవ్వలు పట్టుకోలె సార్. నేనే జెప్పిన."

"ఎందుకు చెప్పావ్?"

"శుక్రవారం మేడం అడుగుతది సార్."

కోర్టులో నవ్వు. ఆయన నవ్వలేదు. నస్యం డబ్బీ మూత తీసి, పెట్టి, తీసి... పావుగంట పట్టిందనిపించింది. జైలు వేయలేదు. ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించారు. సైకిలు బంద్. దుకాణం నుంచి ఇంటికి రోజూ నడిచే పోవాలి, మేనమామ పక్కన నడవాలి. మళ్లీ ఇట్లాంటిది నా కాగితంలో వస్తే ఇక మాటల్లేవని, వేలు చూపించి, చాలా నెమ్మదిగా చెప్పారు. అరిచి ఉంటే అంత భయం వేసేది కాదు.

మేనమామ గగ్గోలు. "నేనేం జేసిన హుజూర్? నాకెందుకు సజా?"

బయటికొచ్చాక మూర్తి గారు దిగులుగా – "ముందు బస్సు. తర్వాత సైకిలు. ఇక మిగిలింది కాళ్లేనమ్మా."

13 అక్టోబరు

వంశాన్ని తిట్టిన రాజమ్మ జంతికలు పంపింది. ఉల్లి, వెల్లుల్లి లేకుండా.

27 అక్టోబరు

ఆబిడ్స్‌లో సాయంత్రం కనిపించారు. ముందు నరహరి, కళ్లు నేల మీద. రెండడుగులు వెనక మేనమామ, రొప్పుతూ, పంచె ఎగదోపుకుని. "జర ఆగురా... ఆగు..." మూడు వారాల్లో మనిషి సగమయ్యాడు. చికిత్స ఎవరికైతేనేం, ఒకరికి ఫలించింది.

నవ్వుకున్నాను. ఆ తర్వాత వాళ్లకెదురుగా ఒక కాలేజీ పిల్ల నడుచుకుంటూ వచ్చింది. నవ్వు ఆగిపోయింది. వాడి ముఖం చూశాను. తల ఎత్తాడా? ఎత్తినట్టే ఉంది. లేదా బండి హారను విని చూశాడేమో. పిల్ల దాటిపోయింది, తన నడక తనదే. ఏమీ కాలేదు.

ఏమీ కాకపోవడాన్ని ఏ గడిలో రాస్తారు?

1 నవంబరు

బస్సు దిగేటప్పుడు శారద – "రేపట్నుంచి మీరు రానక్కర్లేదండీ. చిన్నమ్మ గారికి కూడా చెప్పండి, మోకాళ్లు నొప్పులంటున్నారు కదా."

"భయం లేదా?"

"ఉంది. అయినా నేనే వెళ్తాను." గొడుగు చంకలో పెట్టుకుని కాలేజీ గేటు వైపు వెళ్లిపోయింది.

వాడికి శిక్ష పొడిగించారని ఆమెకు చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. తెలుసుకునే హక్కు ఆమెకుంది. విని "ఆవిడ బాగుందా?" అనడిగింది. ఆవిడెవరో మనకు తెలియదన్నాను. ఎవరూ అడగని మాట ఈమె ఒక్కతే అడిగింది.

ఇంట్లో చిన్నమ్మ అలిగింది. ఆమెకు తొమ్మిదింబావు బస్సు అలవాటైపోయింది.

4 నవంబరు

చిన్నమ్మ – "ఒక్క ముక్కల జెప్పు. మంచిగైండా, కాలేదా?"

"ఎరుకలేదు."

"ఐదేండ్ల నౌకరి జేసి గింతేనా!"

10 నవంబరు, శుక్రవారం

నాలుగింటికి వచ్చాడు. వారం సంగతి చెప్పాడు. ఎవరి వెంటా పోలేదు. ఒకసారి పోవాలనిపించిందట, మేనమామ చెయ్యి పట్టుకున్నాడట. ఆయన అదిరిపడ్డాడట.

లేచాడు. తలుపు దాకా పోయి తిరిగొచ్చాడు.

"మేడం, శుక్రవారం బదులు ఇంగో దినం పెట్టరా?"

"ఎందుకు?"

"బుధవారం, గురువారం బాగనే ఉంట. రేపో ఎల్లుండో మీకాడికి రావాలె గద అని. శుక్రవారం వచ్చిపోతనా..." చేతులు చూసుకున్నాడు. "శనారం పొద్దుగాల లేస్తే, ఇంగ వారం ఉన్నదిలే అనిపిస్తది. శనారమే జర కష్టమైతది మేడం."

ఇంత నిజం ఈ ఆఫీసులో ఎవరూ నాకు చెప్పలేదు. మెచ్చుకోవాలో, వణకాలో తెలియలేదు.

"అయితే శనివారం గూడ రా. రేపు పదిన్నరకు."

ముఖం విప్పారింది. దండం పెట్టి మెట్లు దిగాడు. కింద మేనమామ రొప్పు వినపడింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది – రేపు రెండో శనివారం. సెలవు. తాళంచెవి మూర్తి గారి దగ్గరుంది. పోనీ, మెట్ల మీద కూర్చుంటాను.

ఆదివారం సంగతి నేను అడగలేదు. వాడూ ఎత్తలేదు.